మేకావారి వంశావళి, మా తాతగారి చిట్టా

ఈసారి మాఘ శుద్ధ ఏకాదశినాడు, మా ఉయ్యూరులో వీరమ్మతల్లి తిరునాళ్ళు మొదలైన సాయంకాలం, మైకుల హోరులో ఫోను మ్రోగింది. చెవికి గట్టిగా ఆనించుకొని వింటే నా పాత శిష్యుడు. ప్రస్తుతం హైదరాబాదులో ఇంజనీరు.

“మాస్టారూ, నమస్కారమండీ. తిరునాళ్ళకు రాలేకపోయాను. ఒక సంగతి అడుగుదామని చేశాను. మా అమ్మాయిని బళ్ళో ఏడు తరాల వంశవృక్షం గీసుకొని రమ్మన్నారు. నాకు తాత పేరు దాకే తెలుసు. మీరు జమీందారుల వంశచరిత్ర వ్రాస్తున్నారని విన్నాను. వాళ్ళవి అన్ని తరాలు దొరికినప్పుడు, మావి ఇంకొక రెండు మూడు దొరికే దారి ఏమైనా ఉంటుందా?”

నేను సమాధానానికి తడుముకుంటుండగా అతడే నవ్వుతూ, “తెలుసుకొని రమ్మని మీరే అన్నారు కదా మాస్టారూ, ఎనిమిదో తరగతిలో!” అన్నాడు.

ఆ మాట వెనుక ఉన్న కథ తరువాత విన్నవిస్తాను. ముందు చదువరులకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి. మేకావారి వంశమూలాలను గురించి వ్రాస్తానని చాలాకాలంగా ఊరిస్తున్నాను. ఇందుకు నాకు ఆధారం మా తాతగారి చిట్టా ఒకటి. ఆయన ఉయ్యూరు దివాణంలో కొంతకాలం గుమాస్తా. ఎర్ర గుడ్డ అట్ట వేసిన ఆ పొడవాటి పుస్తకంలో మొదటి ఇరవై పుటలలో, ముత్యాలవంటి అక్షరాలతో, ప్రభువులవారి వంశావళిని నకలు వ్రాసుకున్నారు. నరసింహ అప్పారావు, శోభనాద్రి అప్పారావు, వెంకటాద్రి అప్పారావు, నారయ్య అప్పారావు, రామచంద్ర అప్పారావు, రంగయ్య అప్పారావు. తరం మారినా పేర్లు అవే తిరిగి తిరిగి వస్తాయి. చిన్నతనంలో నాకు ఆ పుటలు చదవటమంటే అష్టోత్తరం చదివినట్లుండేది.

ఉయ్యూరు జమీందారులు వేరే వంశమని మా ఊరి పిల్లలలో చాలామంది అనుకుంటారు. కాదు. నూజివీడు జమీందారులైన మేకావారి కొమ్మలలో ఒకటి ఉయ్యూరుకు వచ్చింది. వెలమ ప్రభువులు. మేకా అన్నది ఇంటిపేరు. అప్పారావు అన్నది పేరు చివర తరతరాలుగా నిలిచిపోయిన గౌరవం. శోభనాద్రి, నరసింహ అన్న పేర్లు ఇంటి ఇలవేల్పునుంచి వచ్చాయి. ఆగిరిపల్లి కొండమీద వెలసిన శోభనాచల వ్యాఘ్రనరసింహస్వామి వారి కులదైవం. దేవుడి పేరు కొడుక్కి పెట్టడం, తాత పేరు మనుమడికి పెట్టడం అనే రెండు ఆచారాలూ కలిస్తే వంశావళి మొత్తం నాలుగైదు పేర్ల చుట్టూ తిరుగుతుంది. చరిత్రకారుడికి అది తలనొప్పి. మా తాతగారివంటి గుమాస్తాకు భక్తి.

ఇంటిపేరు మేకా ఎందుకైనది? మా నాయనమ్మ చెప్పిన కథ ఇది. ఈ వంశపు మూలపురుషుడు చోటు వెదుకుతూ వస్తుంటే ఒక నువ్వుచేలో మేక ఒకటి తోడేలుకు ఎదురు తిరిగి కొమ్ములతో కుమ్ముతూ కనబడిందట. మేకకే ఇంత పౌరుషమిచ్చిన నేల ఇది, ఇక్కడే కోట కడతానన్నాడట. నువ్వుచేను వీడు కాలక్రమాన నూజివీడు అయిందట. వీడు అంటే పూర్వపు తెలుగులో ఊరు, దండు విడిసిన చోటు. అంతవరకు బాగున్నది. నువ్వుచేను నూజి కావటానికి మాత్రం బాలవ్యాకరణంలో ఏ సూత్రమూ సాయపడదు. ఓరియంటల్ కళాశాలలో చదువుకునే రోజుల్లో ఈ సంధిని ఎట్లా సాధించాలని మా గురువుగారిని అడిగితే, “సాధించకు నాయనా, కథను కథగా వదిలెయ్” అన్నారు. విజయనగరం మొదలు ఎన్నో కోటలకు ఇటువంటి కథలే ఉన్నాయి. ఒకచోట కుందేలు వేటకుక్కను తరుముతుంది, మరొకచోట మేక తోడేలును కుమ్ముతుంది. బలహీనమైనది బలమైనదానిమీద తిరగబడిన చోట రాజ్యం పుడుతుందని మన పూర్వుల నమ్మకం. రాజ్యం స్థిరపడిన తరువాత ఆ నమ్మకం ఎవరికీ గుర్తుండదు.

ఆ తోడేలు నాకు మరొక వంశాన్ని జ్ఞాపకం చేసింది. చైనాను 1644 నుండి 1912 దాకా ఏలిన మంచూ జాతిలో న్యోహురు అనే ప్రభువంశం ఒకటి ఉండేది. వారి భాషలో తోడేలును చెప్పే మాటనుండి పుట్టిన పేరు అది. రాజవంశమైన ఐసిన్ గ్యోరో వారి కథ ఇంకా చిత్రం. ముగ్గురు దేవకన్యలు కొండమీది సరస్సులో జలకాలాడుతుంటే ఒక పక్షి ఎర్రని పండు జారవిడిచిందట. చిన్నామె దానిని తిని గర్భవతియై వంశకర్తను కన్నదట. ఇటువంటి వంశాలన్నిటి పుట్టుపూర్వోత్తరాలను ఒక్కచోట చేర్చవలెనని చక్రవర్తి ఆజ్ఞ అయి, 1735లో పని మొదలై 1744కు ఒక మహాగ్రంథం తయారైంది. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరు ఏనాడు కొలువులో చేరారు అన్నది తేలితే తప్ప పదవులు, భత్యాలు పంచటం కుదరదు. 1912లో సామ్రాజ్యం పోగానే ఆ వంశాలవారు అనేకులు చైనా ఇంటిపేర్లు పెట్టుకున్నారు. న్యోహురు వారిలో కొందరు లాంగ్ అని మార్చుకున్నారు. చైనా భాషలో తోడేలు అనే మాట కూడా అదే ధ్వనితో పలుకుతుంది. పైకి సామాన్యమైన పేరు, లోపల దాచుకున్న తోడేలు. మన మేక మాత్రం దాగవలసిన పని లేకుండా ఇంటిపేరుగా బాహాటంగానే నిలిచింది.

తెలుగు పండితుడిగా నాకు తెలిసిన వంశచరిత్రలు వేరు. ప్రబంధం తెరవగానే ఇష్టదేవతాస్తుతి, సుకవిస్తుతి, తరువాత కృతిపతి వంశవర్ణన. మనుచరిత్రలో పెద్దన తన ప్రభువు వంశాన్ని చంద్రుడితో మొదలుపెట్టి, బుధుడు, పురూరవుడు, యయాతి మీదుగా తుర్వసుడి దగ్గరకు తెస్తాడు. తుర్వసుడినుండి తుళువ వంశం. అక్కడినుండి తిమ్మరాజు, ఈశ్వరరాజు, నరసరాజు, చివరకు కృష్ణరాయలు. తుర్వసుడికీ తిమ్మరాజుకూ నడుమ ఎన్ని వేల ఏండ్లో! కవి ఒక్క అడుగులో దాటేశాడు. ముప్ఫై అయిదేండ్లు పాఠం చెప్పాను గాని, ఆ నడుమ ఉన్నవాళ్ళెవరు అని నాకు ఎన్నడూ తోచలేదు. పద్యం అంత నున్నగా సాగిపోతుంది.

చంద్రసూర్యుల దాకా పోని వంశాలు కూడా మూలం లేకుండా ఊరుకోలేదు. కాకతీయుల శాసనాలలో కొన్ని సూర్యవంశమంటాయి, కొన్ని చతుర్థకులమంటాయి. వారి తరువాత తలెత్తిన నాయకులు, రెడ్డిరాజులు చతుర్థకులాన్నే గర్వంగా చెప్పుకున్నారు. ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనం చూడండి. విష్ణుపాదంనుండి గంగ పుట్టింది, ఆ పాదంనుండే నాలుగో వర్ణమూ పుట్టింది, అందుచేత గంగకు ఇది తోబుట్టువు అన్నది ఆనాటి ధోరణి. పురుషసూక్తం పాదాలదగ్గర నిలబెట్టినవాళ్ళను శాసనకవి అదే పాదాలదగ్గర గంగపక్కన నిలబెట్టి పవిత్రులను చేశాడు. ఎంత చమత్కారం! అయితే ఆ చమత్కారం శాసనం చెక్కించుకోగలిగినవారికే దక్కింది.

దొరతనం చేతులు మారిన తరువాత వంశకథలు కాగితానికి ఎక్కాయి. కర్నల్ కాలిన్ మెకంజీ ఊరూరి కైఫీయతులు సేకరింపజేసినప్పుడు అతనికి కుడిభుజంగా నిలిచినవారు మన ఏలూరు కావలి సోదరులు. పెద్దవాడు బొర్రయ్య 1803లోనే కన్నుమూస్తే తమ్ముడు లక్ష్మయ్య పని సాగించాడు. ఊరికి పోయి కరణాన్ని కూర్చోబెట్టి, అతని దగ్గరున్న కవిలెకట్టలు విప్పించి వ్రాయించేవారు. ఏ రాజు ఏ అగ్రహారమిచ్చాడు, ఏ జమీందారు ఎప్పుడు వచ్చాడు, ఏ దేవాలయం ఎవరు కట్టించారు అన్న వివరాలు ఈనాడు మనకు దొరుకుతున్నాయంటే ఆ పుణ్యమే. కరణం కవిలెలో ఉన్నదే కైఫీయతులోకి వచ్చింది. కవిలెలో లేనివారు కైఫీయతులోనూ లేరు.

మేకావారి విషయంలో అన్నిటికంటె ఆశ్చర్యకరమైన వంశచరిత్రను వ్రాసినది భట్రాజూ కాదు, కరణమూ కాదు, లండనులోని న్యాయాధిపతులు. అది ఎట్లాగో చెబుతాను.

1765లో మొగలు పాదుషా ఫర్మానా, 1766లో నిజాముతో ఒడంబడిక. వీటితో ఉత్తర సర్కారులు కుంఫిణీవారి పాలయ్యాయి. జమీందారులకు, కొత్త దొరలకు నడుమ శిస్తు బకాయిల తగవులు ముదిరి, 18వ శతాబ్ది చివర నూజివీడు కోటమీదికి కుంఫిణీ సేనలు రావటం దాకా వెళ్ళింది. తరువాత 1802లో శాశ్వత పైసలా. ఏటా కట్టవలసిన పేష్కషు ఇంత అని స్థిరపరచి సన్నదులు ఇచ్చారు. అప్పుడు పాత ఎస్టేటు రెండయింది. నిడదవోలు వైపు ఒకరికి, నూజివీడు వైపు ఒకరికి. నూజివీడు సన్నదు రామచంద్ర అప్పారావుగారి పేర వచ్చింది.

ఆ తరువాతి తరాలలో అన్నదమ్ముల మధ్య పంపకాల వ్యాజ్యం లేచింది. ఇది పూర్వకాలపు రాజ్యం, రాజ్యాన్ని ముక్కలు చేయరాదు, జ్యేష్ఠుడికే చెందాలని ఒకరి వాదం. సామాన్యమైన ఆస్తివలెనే వాటాలు రావాలని మిగిలినవారి వాదం. వ్యాజ్యం ప్రీవీ కౌన్సిలు దాకా పోయింది. 1879లో తీర్పు వచ్చింది. పూర్వపు ఎస్టేటు కుంఫిణీ చేతిలో అంతమైనది, 1802 సన్నదుతో వచ్చినది కొత్త దత్తం, కాబట్టి పాత రాజ్యాచారం దీనికి వర్తించదు, పంచుకోవచ్చును అన్నది దాని సారాంశం. చూశారా! ఎన్నో తరాల వంశావళికి లండనులో ఒక కాగితం కొత్త మూలపురుషుణ్ణి నియమించింది. మేకా లేదు, తోడేలూ లేదు. కోర్టు లెక్కలో కథ 1802లో మొదలైంది.

ఆ తీర్పు ఫలితమే ఉయ్యూరు ఎస్టేటు. నూజివీడు పంపకమై ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు, కపిలేశ్వరపురం మొదలైన ఎస్టేట్లు ఏర్పడ్డాయి. నూజివీడు మెట్ట. మామిడితోటలకు, వీణలకు పేరు. మా ఉయ్యూరు మాగాణి. 1855లో బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత పుల్లేరు కింది భూమి విలువే మారిపోయింది. వరి, చెరకు, ఆ చెరకు వెంబడి 1941లో చక్కెర కర్మాగారం. మెట్టనేలలో కోట కట్టిన వంశపు కొమ్మ ఒకటి డెల్టాకు వచ్చి నీటి ఒడ్డున వేరు పట్టింది.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. సన్నదుతో మొదలైన వంశం చట్టంతో ముగియాలి కదా! ముగియలేదు. ఆ వంశీకులలో మేకా రంగయ్య అప్పారావుగారు నూజివీడునుండి శాసనసభకు ఎన్నికై, మంత్రిగా పనిచేసి, 1974 నుండి 1980 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. మీర్జాపురం రాజాగారు సినిమాలలోకి వెళ్ళారు. మద్రాసులో స్టూడియో పెట్టి దానికి శోభనాచల అని ఇలవేల్పు పేరు పెట్టారు. 1949లో ఆయనే దర్శకత్వం వహించి నిర్మించిన చిత్రం కీలుగుర్రం. అదే ఏడు ఆయన భార్య, నటీమణి కృష్ణవేణిగారు నిర్మించిన మనదేశం చిత్రంతో నందమూరి తారక రామారావుగారు తొలిసారి తెరమీద కనిపించారు. ఎస్టేట్ల చట్టం వచ్చిన మరుసటి ఏడే ఒక జమీందారు ఎగిరే గుర్రంమీద రాజకుమారుణ్ణి కూర్చోబెట్టి జనానికి టిక్కెట్టుమీద చూపించాడు. అందులో విషాదమున్నదో వివేకమున్నదో నేను చెప్పలేను. మా నాన్నగారు మాత్రం ఆ సినిమాను మూడుసార్లు చూశారు.

ఇంతవరకు వ్రాసి ముగిద్దామనుకున్నాను. శిష్యుడి ఫోను ముగియనివ్వలేదు.

ఇక ఎనిమిదో తరగతి సంగతి. సుమారు ముప్ఫై అయిదేండ్ల క్రిందటి మాట. వంశవర్ణన ఉన్న పద్యభాగం చెబుతూ, పిల్లలకు ఉత్సాహం పుట్టాలని ఒక్కొక్కరిని లేపి ఇంటిపేరు, గోత్రం, తెలిసినన్ని తరాల పేర్లు చెప్పమన్నాను. ముందు బల్లల పిల్లలు గడగడా చెప్పారు. ఈ పిల్లవాడు మాలపల్లెనుండి వచ్చేవాడు. లేచి నిలబడి తండ్రి పేరు, తాత పేరు చెప్పి ఆగిపోయాడు. గోత్రం అన్నాను. మాట్లాడలేదు. వెనుకనుండి ఎవరో కిసుక్కున నవ్వారు. “తెలియకపోతే తెలుసుకొని రావాలిరా” అని కూర్చోబెట్టాను. నేను తిట్టలేదు, కొట్టలేదు. పాఠంలోకి వెళ్ళిపోయాను. తరువాత చాలా రోజులు తోటి పిల్లలు అతణ్ణి “తెలుసుకొచ్చావా?” అని అడిగేవారని విన్నాను. విని కూడా ఊరుకున్నాను.

ఆ మర్నాడు నేనే అతనికి ఫోను చేశాను. ఇతనికి నా దగ్గర ఉన్న కానుక ఒకటుందని సంబరపడ్డాను. అది రేచడి కథ. వెలమలలో రేచర్ల గోత్రానిది గొప్ప చరిత్ర. రాచకొండ, దేవరకొండ ఏలినది వారే. రసార్ణవసుధాకరం వ్రాసిన సింగభూపాలుడు వారివాడే. వెంకటగిరి, బొబ్బిలి ప్రభువులు ఆ శాఖలవారే. 1939లో నేలటూరి వెంకటరమణయ్యగారు మద్రాసు విశ్వవిద్యాలయం తరఫున పరిష్కరించిన వెలుగోటివారి వంశావళి ఆ కుదురుదే. వారి మూలపురుషుడు చెవిరెడ్డి పొలం దున్నిస్తుండగా నిధి బయటపడిందని, దానిని కాచే బేతాళుడు నరబలి కోరాడని, అప్పుడు రేచడనే మాల పాలేరు నన్ను బలి ఇవ్వండని ముందుకు వచ్చాడని ఐతిహ్యం. అతడు కోరినవి రెండు. మీ గోత్రం నా పేర నిలవాలి, మీ ఇంట పెండ్లికి ముందు నా వంశంవారి ఇంట పెండ్లి జరగాలి. ఆ విధంగా రేచర్ల గోత్రం వచ్చిందట.

“చూశావా నాయనా, ఇంత గొప్ప ప్రభువంశం గోత్రం మీవాడి పేరే” అన్నాను.

అవతల కొంతసేపు మౌనం.

“కథ బాగుంది మాస్టారూ. తప్పుగా అనుకోకండి. ఆ రేచడి తండ్రి పేరేమిటండీ?”

నాకు నోట మాట రాలేదు. కథలో నిధి ఉన్నది, బేతాళుడు ఉన్నాడు, చెట్టు ఉన్నది, యజమానికి వచ్చిన బిరుదు ఉన్నది. రేచడి తండ్రి లేడు. తల్లి లేదు. అతని వంశంవారి పెండ్లి ముందు జరగాలన్నారు గాని ఆ వంశంవారిలో ఒక్కరి పేరు లేదు. తుర్వసుడికీ తిమ్మరాజుకూ నడుమ ఎవరున్నారని నేను అడగని ప్రశ్నను నా శిష్యుడు మరొక చోట అడిగాడు.

“తెలియదు నాయనా” అన్నాను. “ఆనాడు తరగతిలో నేనన్న మాట కూడా తప్పే.”

“అయ్యో, అదెప్పుడో మరిచిపోయానండీ” అన్నాడు. మరిచిపోయినవాడు మాటకు మాట అప్పజెప్పడు కదా.

మరుసటి ఆదివారం పల్లెకు వెళ్ళాను. అతని మేనత్తగారు అక్కడే ఉంటారని చెప్పాడు. మా ఇంటినుండి నడిచి పది నిమిషాలు. ముప్ఫై అయిదేండ్లు ఆ పిల్లలకు పాఠాలు చెప్పాను గాని ఆ వీధిలో నేను కాలు పెట్టినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చును. ఎనభై దాటిన ముసలామె అరుగుమీద కుర్చీ వేయించింది. నేను ఎవరినో చెప్పగానే మా తాతగారి పేరు చెప్పి, “ఆరి మనవడివా బాబూ!” అంది.

“మీకు మా తాతగారు తెలుసా అమ్మా?”

“తెలవకేం? మా నాయన చిన్నప్పుడు మీ పశువులే కాసాడు. మా తాత మీ ఇంటో పాలేరేగా, పెద్ద జీతగాడు. మీ పుల్లేరుకింద చెక్క దున్నింది ఆయనే.”

“ఆయన పేరేమిటమ్మా?”

“ముసలోడు ముసలోడు అనేవోళ్ళు. నేను పుట్టకముందే పోయాడు. అసలు పేరు నాకేం తెల్సు? మీ ఇంటో తెలవదా?”

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. పని చేసిన ఇంటివారికి తెలిసి ఉంటుందని సహజంగా అడిగింది. ఇంటికి వచ్చి కూర్చున్నాను. భోజనానికి రమ్మని మా ఇంటావిడ రెండుసార్లు పిలిచింది. అప్పుడు చిట్టా గుర్తుకు వచ్చింది.

బాల్యంనుండి ఆ పుస్తకాన్ని ఎన్నిసార్లు తెరిచానో చెప్పలేను. తెరిచినప్పుడల్లా మొదటి ఇరవై పుటలే. వంశావళి ముగిసిన తరువాత కొన్ని ఖాళీ కాగితాలు. ఆ తరువాత పుస్తకాన్ని తలక్రిందులు చేసి వెనుకనుండి వ్రాసిన లెక్కలు. మా సొంత కమతం లెక్కలవి. విత్తనాలు, ఎరువుబండ్లు, ఊడ్పుకూలి, కుప్పనూర్పిళ్ళు, జీతగాళ్ళకు కొలిచిన గింజలు. ముందు పుటలలోని ముత్యాల అక్షరాలు ఇక్కడ లేవు. గొలుసుకట్టు, తొందర వ్రాత. లెక్కలు కదా అని నేను ఎన్నడూ చదవలేదు.

ఆ రాత్రి భూతద్దం పెట్టుకొని కూర్చున్నాను. బహుధాన్య సంవత్సరం, పుష్యమాసం. అంటే 1938 చివర, 1939 మొదలు. జీతపు గింజల కింద మొదటి పేరు. ఇంటిపేరు నా శిష్యుడిదే. ‘ఫలానావాడి కొడుకు ఫలానావాడు’ అని స్పష్టంగా ఉన్నది. దాని క్రింద అతని కొడుకు, పశువులకాపరి. ఆ పేరు నా శిష్యుడి తాతది. గింజల కుంచాల లెక్క పక్కన ‘నిశాని’ అని వ్రాసి నల్లని వేలిముద్ర. ఎనభై ఏండ్లు దాటినా గీతలు ఇంకా కనబడుతున్నాయి.

లెక్క పెట్టుకున్నాను. అమ్మాయి, నా శిష్యుడు, అతని తండ్రి, తాత, ముత్తాత, ముత్తాత తండ్రి. ఆరు తరాలు. ఆ చివరి పేరుగలవాడు ప్రీవీ కౌన్సిలు తీర్పునాటికి ఊయలలోనో, తప్పటడుగులలోనో ఉండి ఉంటాడు. ఒకే పుస్తకంలో, అట్టకు ఈ వైపునుండి ఒక వంశం, ఆ వైపునుండి ఒక వంశం. నడుమ నాలుగు తెల్లకాగితాలు. ఒకదానిని మా తాతగారు భక్తితో వ్రాశారు, మరొకదానిని గింజల లెక్క తప్పకూడదని వ్రాశారు. ఒకే పేరుగల జీతగాళ్ళు ఇద్దరుంటారు, ఎవరి గింజలు ఎవరికి పోయాయో తెలియాలంటే తండ్రి పేరు వ్రాయక తప్పదు. ఆ జాగ్రత్తే ఈనాడు ఒక పిల్లకు ముత్తాత తాతను చూపించింది.

ఇందులో మా తాతగారి గొప్పేమీ లేదు. పేరు వ్రాసుకున్నది ఆయన అవసరానికి. అసలు పేరు ఇంటిలో ఉండి కూడా మా ఇంటిలో ఎవరూ ఆ పేరుతో పిలిచినట్లు లేదు. మా నాయనమ్మ కథలలో మేక ఉన్నది, తోడేలు ఉన్నది. మా నువ్వులు, మా వడ్లు పండించినవాడు మాత్రం లేడు.

మర్నాడు పుటను ఫోటో తీసి శిష్యుడికి పంపాను. పంపేముందు చాలాసేపు తటపటాయించాను. మీ ముత్తాత మా ఇంట పాలేరు అని ఎట్లా వ్రాయటం? చివరకు ఉన్నది ఉన్నట్లే వ్రాశాను. సాయంకాలం ఫోను వచ్చింది.

“మాస్టారూ, వేలిముద్ర ఎవరిదండీ? పెద్దాయనదేనా?”

“ఆయనదే నాయనా.”

“ఆ ముక్క కొంచెం పెద్దదిగా కనబడేటట్లు మళ్ళీ తీసి పంపుతారా? మా అమ్మాయి దాన్ని వంశవృక్షంలో అతికిస్తానంటోంది. మిగతా పిల్లలందరూ పేర్లే వ్రాస్తారట. తనకు ముద్ర కూడా ఉందని.”

పంపాను. తరువాత అతను మరొక మాట అన్నాడు. “ఏడో తరం ఖాళీగానే ఉంచమన్నానండీ. తెలుసుకొని రావాలి.” ఈసారి ఇద్దరమూ నవ్వాము. నా నవ్వులో కొంత సిగ్గున్నది.

ఆ పేర్లు ఇక్కడ వ్రాయలేదని చదువరులు అనుకోవచ్చును. అవి వారింటివి. వారు వ్రాసుకోవలసినవి. చిట్టాను మాత్రం ఇద్దరమూ కలిసి బాగుచేయించాలని అనుకున్నాము. అట్ట ఊడిపోతున్నది, వెనుక పుటలకు చెదలు తగిలాయి. ముందు పుటలకు తగలలేదు. వాటిని మేము తరచు తెరిచి గాలి తగలనిచ్చాము కదా.

మీలో అనేకుల ఇండ్లలో ఇటువంటి పాత చిట్టాలు, కవిలెలు అటకలమీద ఉండే ఉంటాయి. వంశావళి దొరికితే సంతోషించండి. దానితో ఆగక పుస్తకాన్ని తలక్రిందులు చేసి వెనుకనుండి కూడా ఒకసారి తిరగేయండి. ఏ ఊరిలోనో ఎవరి మేనత్తో ఆ పేరు కోసం అరుగుమీద కూర్చొని ఉండవచ్చును.

తిరునాళ్ళు ముగిశాయి. మైకులు కట్టేశారు. మేకావారి సంగతులలో నేను పొరబడినవేమైనా ఉంటే, నూజివీడు, ఆగిరిపల్లి ప్రాంతపు మిత్రులు దయచేసి తెలియజేయగలరు. దిద్దుకుంటాను.

సెలవు.